మాగాక ఎండే ఆకు

ఫిబ్రవరి, మార్చి నెలల్లో తోట్లవల్లూరు నుంచి కృష్ణ ఒడ్డుకు దిగితే ఉడుకుతున్న పసుపు వాసన ముక్కుకు తగులుతుంది. పాములలంక, తోడేళ్లదిబ్బలంక లాంటి ఏటి లంకల్లో తవ్విన పసుపును ఒకప్పుడు పెద్ద కడాయిల్లో ఉడికించేవారు, ఇప్పుడు ఆవిరి బాయిలర్లు వచ్చాయి. ఉడికినదాన్ని కల్లాల్లో ఆరబోసి, మెరుగు పట్టించి, ఏటి అవతల ఉన్న దుగ్గిరాల యార్డుకు తోలతారు. ఈ ఒండ్రు నేలల్లో పంట పండించడం సగం పనే. తడి సరుకును నిలవ సరుకుగా మార్చడం మిగతా సగం. ధర తేలేది అక్కడే.

పొగాకు విషయంలో ఈ రెండో సగం ఇంకా పెద్దది. పొలంలో ఉన్న పచ్చి పొగాకు ఆకును నలిపి వాసన చూస్తే, మనం పొగాకు వాసన అనుకునేది దాదాపు ఉండదు. రంగు, రుచి, కమ్మదనం, కాలే గుణం చాలావరకు కోత తర్వాత వచ్చేవే. చుట్టకు వాడే లంక పొగాకు, సిగరెట్టుకు వాడే వర్జీనియా పొగాకు, పైపులో నింపుకోవడానికి అచ్చులో నొక్కి బిళ్లలుగా కోసే ఫ్లేక్ పొగాకు, ఇవన్నీ నికోటియానా టబాకమ్ అనే ఒకే జాతి మొక్క ఆకులే. వంగడం, నేల కొంత తేడా తెస్తాయి, అసలు తేడా తెచ్చేది ఎండబెట్టిన తీరు. ఆ తీరులోని శాస్త్రం తెలుసుకుంటే, పొగాకు మనిషి ఒంట్లో ఎక్కడ దెబ్బ కొడుతుందో కూడా అర్థమవుతుంది. నేను ఈ వ్యాసం రాయడానికి ముఖ్య కారణం అదే.

మొదట పసుపు సంగతి చూద్దాం, ఎందుకంటే అది పొగాకుకు సరిగ్గా ఎదురు. తవ్విన పసుపు కొమ్ము బతికే ఉంటుంది. అలాగే వదిలేస్తే మొలకెత్తుతుంది, లేదా కుళ్లుతుంది. ముప్పావుగంట నుంచి గంట దాకా ఉడికిస్తే కణాలు చచ్చిపోతాయి, లోపలి పిండిపదార్థం జిగురుగా మారుతుంది, ఒకచోట గూడుకట్టి ఉన్న పసుపు రంగు కొమ్ము అంతా సమంగా పరుచుకుంటుంది. పైగా బతికున్న కణం తన నీటిని అంత సులువుగా వదలదు, చచ్చిన కణం పొర దాన్ని ఆపలేదు. అందుకే ఉడికిన కొమ్ము పది, పదిహేను రోజుల్లో గలగలలాడేలా ఎండుతుంది. అంటే పసుపు రైతు ముందు చంపి, తర్వాత ఎండబెడతాడు.

పొగాకు ఆకును కూడా అలా మరిగే నీళ్లలో ముంచి తీసి ఎండబెడితే ఏమవుతుంది? ఆకుపచ్చగా ఉండిపోతుంది. ఎన్నాళ్లు ఉంచినా అది గడ్డి వాసనే వేస్తుంది, కాలిస్తే గొంతు కోసుకుపోతుంది. పొగాకు కావాలంటే ఆకు కోతతోనే చావకూడదు. కొన్ని రోజులు ప్రాణంతో ఉండి, తిండి లేక, తనలోని నిలవను తానే తినాలి. లంకల్లోనే పండే అరటిగెలను పచ్చిగా కొట్టి గదిలో మాగవేసినప్పుడు కాయలోని పిండి చక్కెరగా మారినట్టే, ఆకులోనూ జరుగుతుంది. ఎండటం ఆ తర్వాతి మాట.

కోసిన ఆకులో 80 నుంచి 90 శాతం నీరే ఉంటుంది. తడి తీసేస్తే మిగిలే పొడి పదార్థంలో, పక్వానికి వచ్చిన వర్జీనియా ఆకు అయితే, సుమారు పావు వంతు పిండిపదార్థం. మొక్క నుంచి విడిపోయాక, ఎండ లేని చోట వేలాడుతున్న ఆకుకు కొత్త తిండి తయారుకాదు. ఊపిరి మాత్రం ఆగదు. దానికి ఇంధనంగా పిండిని ఎంజైములు చక్కెరలుగా విడగొడతాయి. మాంసకృత్తులు అమైనో ఆమ్లాలుగా విరుగుతాయి. పత్రహరితం చెదిరిపోతుంది. అంతవరకూ దాని వెనక దాగి ఉన్న కెరోటినాయిడ్ల పసుపు రంగు బయటపడుతుంది. ఆ కెరోటినాయిడ్లు విరిగినప్పుడు పుట్టే పదార్థాలే ఎండిన పొగాకు కమ్మదనంలో పెద్ద భాగం. ఈ పనులన్నీ జరగాలంటే కణాల్లో నీరుండాలి, ప్రాణముండాలి.

దీన్ని నిమిషానికి నిమిషం అదుపులో పెట్టే చోటు బ్యారన్. జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం తేలిక నేలల్లోనూ, ప్రకాశం జిల్లాలోనూ ఊరి బయట ఎత్తుగా, కిటికీలు లేనట్టు కనిపించే కట్టడాలు ఇవే. ఆకుల్ని కర్రలకు కట్టి లోపల అంతస్తులుగా వేలాడదీస్తారు. బయటి పొయ్యిలో కట్టెలు కాలుతుంటే, వేడి పొగ నేలమీది ఇనుప గొట్టాల్లో తిరిగి పొగగొట్టం గుండా పోతుంది. పొగ ఆకును తాకదు, వేడి మాత్రమే తాకుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

మొదటి ఒకటిన్నర, రెండు రోజులు లోపలి వేడి 32 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. గాలిలో తేమ బాగా నిలిచేలా పైకిటికీలు మూసి ఉంచుతారు. ఎండబెట్టడానికి కట్టిన ఇంట్లో ముందుగా ఎండనివ్వకుండా చూడటం కొత్తవారికి వింతగా ఉంటుంది. ఆ గంటల్లో ఒక ఆకును దగ్గరగా చూస్తే, పచ్చదనం ముందు అంచుల్లో, కొసలో కరుగుతుంది. తర్వాత ఈనెల మధ్య ఖాళీల్లో పసుపు తేలుతుంది. చివరికి ఈనెల వెంట సన్నటి ఆకుపచ్చ గీతలు మిగులుతాయి. ఆకు మెత్తబడి వాలుతుంది, విరగదు. సరిగ్గా ఇక్కడ ఆకు ప్రాణం తీయాలి. పైకిటికీలు తెరిచి తేమను బయటికి పంపుతూ, వేడిని మెల్లగా 50 డిగ్రీలకు తెస్తారు. రంగు నిలిపే దశ ఇదే.

తొందరపడి వేడి పెంచితే పత్రహరితం ఇంకా పోకముందే ఎంజైములు చస్తాయి, ఆకు పచ్చగానే బిగుసుకుపోతుంది. ఆలస్యం చేస్తే ఇంకో చిక్కు. చచ్చిన కణాల పొరలు చిరిగి, లోపలి పాలీఫినాల్ పదార్థాలు ఒక ఎంజైముతోనూ, గాలిలోని ఆక్సిజన్‌తోనూ కలుస్తాయి. నీరింకా ఉంది కాబట్టి చర్య వేగంగా సాగి ఆకు గోధుమ, నలుపు మచ్చలు పడుతుంది. నిమ్మపండు రంగుకూ, మచ్చల ఆకుకూ మధ్య వేలంలో కిలోకు ఎంత తేడా వస్తుందో ఆ రైతుల్ని అడిగితే చెబుతారు. రాత్రంతా పొయ్యి దగ్గర మెలకువగా ఉండి, తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకం, పొడి ఉష్ణమాపకం రెండూ చూసుకుంటూ గాలి తేమను లెక్కగట్టే మనిషి చేస్తున్నది జీవరసాయన శాస్త్రమే. చదువుకున్నవాళ్ల దగ్గర ఆ పనికి తగినంత గౌరవం లేదని నా అభిప్రాయం.

తర్వాత 60 డిగ్రీల దాకా పోయేసరికి ఆకు పలక ఎండిపోతుంది. నడి ఈనె మాత్రం ఇంకా పచ్చిగానే ఉంటుంది. దాన్ని ఎండబెట్టడానికి 70 డిగ్రీల వరకు తీసుకెళ్లాలి. ఈనెకు ఇంత సమయం ఎందుకు? లోపలి నీరు బయటి తలానికి వ్యాపించడానికి పట్టే కాలం మందాన్ని బట్టి కాదు, మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మందం రెట్టింపైతే కాలం నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు. కల్లంలో ఆరబోసిన పసుపులో కొమ్ములు ఎండినా, లావుపాటి కాయలు లోపల మెత్తగా ఉండటానికీ ఇదే లెక్క. మొత్తం పని ముగియడానికి ఐదు నుంచి ఏడు రోజులు పడుతుంది. ఈ వేగం వల్ల చక్కెరలు ఊపిరికి ఖర్చుకాకుండా ఆకులోనే చిక్కిపోతాయి. మంచి వర్జీనియా ఆకు బరువులో సుమారు ఐదో వంతు దాకా చక్కెరే ఉండొచ్చు.

ఈ వేగానికి అడవి ఖర్చు చాలా ఉంది. ఒక కిలో ఎండు ఆకు రావాలంటే సుమారు ఆరు కిలోల నీటిని ఆవిరి చేయాలి. కిలో నీటికి 2257 కిలోజౌళ్ల చొప్పున లెక్కేస్తే, మంచి ఎండు కట్టె ఒక కిలో కూడా అక్కర్లేదు. మామూలు బ్యారన్‌లో కాలేది నాలుగైదు కిలోలు. మిగతా వేడి గోడల గుండా, పొగగొట్టం గుండా గాల్లో కలిసిపోతుంది. పైకప్పుకు వేడి పోకుండా పొర వేయడం, పొయ్యిని మార్చడం లాంటి పనుల మీద రాజమహేంద్రవరంలో 1947లో స్థాపించిన కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ చాలా ఏళ్లుగా పనిచేసింది. ఆ సలహాలు ఇంకా ముందే, ఇంకా విస్తారంగా అమలై ఉండాల్సింది.

లంక పొగాకు దారి వేరు. గోదావరి లంకల్లో, వరద తీసిన తర్వాత పేరుకున్న ఒండ్రులో పండే ఈ ఆకుకు పొయ్యి లేదు, గొట్టాల్లేవు. పందిళ్ల కింద గాలికి వేలాడుతూ వారాల తరబడి మాగుతుంది. అన్నాళ్లు ఊపిరి సాగడంతో పిండి చక్కెరై, ఆ చక్కెర కూడా కాలిపోయి, చివరికి తీపి దాదాపు మిగలదు. బ్యారన్‌లో రాకుండా చూసుకున్న గోధుమ రంగునే ఇక్కడ కోరుకుంటారు. తర్వాత ఆకును గుట్టలుగా పేరుస్తారు. కాస్త పదును ఉన్న ఆకు గుట్టలో సూక్ష్మజీవుల వల్ల, రసాయన చర్యల వల్ల దానంతటదే వేడెక్కుతుంది. వేడి మితిమీరకుండా గుట్టను విప్పి, లోపలిది బయటికి, బయటిది లోపలికి తిరగేస్తారు. అమ్మోనియా ఘాటు బయటికి పోతుంది, పచ్చి వాసన తగ్గుతుంది, చుట్ట తాగేవారు కోరే ఘాటు నిలుస్తుంది. మొక్క తలలు తుంచడం, పిలకలు తీయడం కూడా ఆ ఘాటు కోసమే. నికోటిన్ వేళ్లలో తయారై పైకి పోతుంది. పూత, కాయ లేకపోతే అదంతా ఆకుల్లోనే చేరుతుంది.

నది ఒండ్రులో పండిన పొగాకు కాలే తీరు బాగుంటుందని అనడానికి నేల రసాయనమే కారణం. పొగాకు క్లోరైడును ఆబగా పీల్చుకుంటుంది. ఆకులో అది ఒకటిన్నర, రెండు శాతం దాటితే గాలిలోని తేమను లాగి ఎప్పుడూ చెమర్చినట్టుంటుంది, నిప్పు పట్టి నిలవదు. పొటాషియం అందుకు విరుగుడు, కాలుడు గుణాన్ని పెంచుతుంది. మంచినీటి వరద కడిగిన లంకల్లో క్లోరైడు నిలవదు. అదే కృష్ణ వెంట కిందికి, దివిసీమ కొసకు, మచిలీపట్నం సముద్రపు అంచుకు పోయేకొద్దీ భూమిలో, బావుల్లో ఉప్పు పెరుగుతుంది. అక్కడ ఎంత నేర్పుగా ఎండబెట్టినా మంచి పొగాకు రాదు. ఎండబెట్టే పని నేల దగ్గరే మొదలవుతుందన్నమాట.

మన తీరానికి ఈ ఆకు కొత్తదేం కాదు. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ మొక్క 17వ శతాబ్దానికి గోల్కొండ రాజ్యపు రేవు మచిలీపట్నం చుట్టూ పాతుకుపోయింది. 1669 - 79 మధ్య బంగాళాఖాతపు దేశాలు తిరిగిన ఇంగ్లీషు వర్తకుడు థామస్ బౌరీ, ఇక్కడి పేదవారు పైపు లేకుండానే ఆకును చుట్టి, ఒక కొస వెలిగించి, రెండో కొసను పెదవుల మధ్య పెట్టుకుని పీలుస్తారని రాసుకున్నాడు. మన చుట్టను చూసి రాసిందే అది. వర్జీనియా రకం వచ్చింది చాలా తర్వాత, 1920లో గుంటూరు జిల్లా నల్లరేగళ్లలో. బ్రిటన్ తన సామ్రాజ్యంలో పండిన పొగాకుకు 1919లో సుంకం తగ్గించడంతో గుంటూరు ఆకు ఓడలెక్కింది. గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు 1976 జనవరి 1న ఏర్పడింది, వేలం పద్ధతి 1980లలో వచ్చింది.

పైపు తాగేవారి ఫ్లేక్ పొగాకు ఈ వర్జీనియా ఆకుకు ఇంకో మజిలీ. ఈనె తీసిన ఆకులకు ఆవిరితో పదును ఎక్కించి, ఒకదానిపై ఒకటి పరిచి, అచ్చుల్లో గట్టిగా నొక్కి ఉంచుతారు. ఆకులోని చక్కెరలు, అమైనో ఆమ్లాలు ఆ ఒత్తిడిలో, వేడిలో మెల్లగా కలిసి ముదురు రంగును, కాల్చిన తీపి వాసనను ఇస్తాయి. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీయ్ మెయ్యార్ 1912లో వివరించిన చర్య ఇదే. గట్టిపడిన దిమ్మను పలచని బిళ్లలుగా కోసి డబ్బాల్లో మూస్తారు. డబ్బా విప్పినప్పుడు ఆ బిళ్లలో తేమ దాదాపు 18, 20 శాతం ఉండొచ్చు. నిలవకు, వాసన పోకుండా ఉండటానికి అది అవసరం. కాల్చడానికి మాత్రం ఎక్కువ. అందుకే వాళ్లు బిళ్లను వేళ్లతో విప్పి, నలిపి, కాగితం మీద పరిచి, తేమను 12, 13 శాతానికి దింపుతారు. చిటికెడు తీసుకుని నొక్కి వదిలితే, ముద్దగా ఉండిపోతే ఇంకా తడి ఉన్నట్టు, మెల్లగా విచ్చుకుంటే సరిపోయినట్టు, పొడిగా రాలితే మించిపోయినట్టు లెక్క.

బిళ్లగా ఉంటే ఒక పూట పట్టేది, నలిపి పరిస్తే గంటలోపే ఎందుకు ఆరుతుంది? ఈనె దగ్గర చెప్పుకున్న మందం వర్గపు లెక్కే ఇక్కడా. గాలి తేమ ఇంకో సంగతి. పొగాకు గాలితో తేమ ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటుంది. గాలిలో తేమ 60 శాతం ఉంటే ఆకు సుమారు 12, 13 శాతం దగ్గర నిలుస్తుంది. 80 శాతం అయితే 20 దాకా లాగేస్తుంది. వానాకాలంలో మచిలీపట్నంలో ఫ్లేక్ బిళ్లను ఆరబెడితే ఆరకపోగా చెమ్మగిల్లుతుంది. బ్యారన్ రైతు తెల్లవారుజామున తలుపులు తెరిచి ఉంచేది కూడా ఈ గుణాన్ని వాడుకోవడానికే. గలగలలాడే ఆకు మంచుగాలికి పదును పట్టి, ముట్టుకుంటే పొడి కాకుండా దించుకోవడానికి వీలవుతుంది. పదును మించితే బూజు, తగ్గితే పొడి. అమ్మకందాకా రైతును నిద్రపోనివ్వనిది ఆ సన్నటి గీతే.

తడి పొగాకు పైపులో ఎందుకు ఇబ్బంది పెడుతుందో కూడా ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. నిప్పు వేడిలో కొంత నీటిని ఆవిరి చేయడానికే పోతుంది, నిప్పు ఆరిపోతుంటుంది, గట్టిగా పీల్చాల్సి వస్తుంది, వేడి ఆవిరి నాలుకను కాలుస్తుంది. ఆరబెడితే ఆ మంట తగ్గుతుంది. మంట తగ్గినంత మాత్రాన హాని తగ్గదు. సరిగా ఎండిన పొగాకు మంచిదన్న నమ్మకం పల్లెల్లోనూ ఉంది, పైపు తాగే విదేశీయుల్లోనూ ఉంది. ఆ నమ్మకం తప్పు, ఎండబెట్టే శాస్త్రమే ఆ సంగతి రుజువు చేస్తుంది.

ఎలాగంటే, చక్కెర మిగిలిన వర్జీనియా ఆకు పొగ ఆమ్ల గుణంతో ఉంటుంది. ఆమ్లంలో నికోటిన్ నోటి పొరల గుండా అంతగా ఇంకదు, కాబట్టి తాగేవాడు పొగను ఊపిరితిత్తుల్లోకి లాగుతాడు. పొగ మెత్తగా ఉంటుంది కాబట్టి లాగగలుగుతాడు కూడా. చక్కెర కాలిపోయిన లంక ఆకు పొగ క్షార గుణంతో ఘాటుగా ఉంటుంది. అందులోని నికోటిన్ నోట్లోనే ఇంకుతుంది, లోపలికి లాగకుండానే మత్తు తెలుస్తుంది. సిగరెట్టు ప్రధానంగా ఊపిరితిత్తుల మీద, చుట్ట ప్రధానంగా నోటి మీద పడటం వెనక, ఆకు ఎన్ని రోజులు ప్రాణంతో ఉండి మాగిందన్న లెక్క ఉంది. బ్యారన్‌లో ఆ కొద్ది రోజుల్లో మిగిలిన తీపే పొగను గుండెల్లోకి దింపింది.

ఇంకోటి. ఆకులోని నైట్రేటును సూక్ష్మజీవులు నైట్రైటుగా మారుస్తాయి. అది నికోటిన్‌తోనూ, దాని తోబుట్టువులైన ఆల్కలాయిడ్లతోనూ కలిసి నైట్రోసమీన్లు తయారవుతాయి. వీటిలో ఎన్ఎన్‌కె, ఎన్ఎన్ఎన్ అనే రెండింటిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనిషికి క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి వర్గంలో పెట్టింది. పచ్చి ఆకులో ఇవి దాదాపు ఉండవు. చాలావరకు మాగేటప్పుడు, గుట్టల్లో ఉన్నప్పుడు పుడతాయి. అమెరికాలో గ్యాసు మంట పొగను నేరుగా ఆకుల మీదికి వదిలే బ్యారన్లు వాడినప్పుడు, ఆ మంటలోని నైట్రోజన్ ఆక్సైడ్ల వల్ల ఇవి పెరిగాయి. ఆ తర్వాత 2000 ప్రాంతంలో అక్కడ వేడిని గొట్టాల గుండా పంపే పద్ధతికి మారారు. మన పాత బ్యారన్ మొదటి నుంచీ ఆ పద్ధతిదే. అయినా కాల్చాక పుట్టే తారు, కార్బన్ మోనాక్సైడు ఎవరు ఎలా ఎండబెట్టినా పుడతాయి.

ఉత్తర కోస్తాలో ఆడవాళ్లు ఎక్కువగా తాగే అడ్డపొగ దీనికి బాధాకరమైన సాక్ష్యం. చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అలవాటు అది. శ్రీకాకుళం ప్రాంతంలో 10,169 మంది పల్లెవాసుల అంగిళ్లను పరీక్షించి, డెన్మార్కు నోటివ్యాధుల నిపుణుడు పిండ్‌బోర్గ్, భారతీయ సహచరులు 1971లో ఫలితాలు ప్రచురించారు. అడ్డపొగ తాగేవారి అంగిట్లో తెల్లమచ్చలు, పుండ్లు, క్యాన్సర్ మామూలుగా తాగేవారికంటే ఎక్కువగా కనిపించాయి. అంగిట్లో క్యాన్సర్ మిగతాచోట్ల అరుదు. ఆకు ఎంత చక్కగా మాగినా నిప్పు నోట్లో ఉంటే అంగిలిని కాపాడేదేమీ లేదు.

పొగాకు రైతు నేర్పును తక్కువ చేయడానికి ఇదంతా రాయలేదు. ఆ నేర్పు నిజమైనది, పసుపుకూ, మిరపకూ, ఎండబెట్టే ప్రతి పంటకూ పనికొచ్చేది. పచ్చి ఆకు తడి చేతులకు తగిలినా నికోటిన్ చర్మం గుండా ఎక్కి తలతిప్పుడు, వాంతులు వస్తాయి కాబట్టి, కోతకు వెళ్లేవారికి చేతి తొడుగులు, మంచు ఆరాక కోత అన్నవి యజమానులు తప్పక చూడాల్సిన జాగ్రత్తలు. ఇక చుట్టైనా, సిగరెట్టైనా, పైపైనా మానాలనుకుంటున్నవారు, వారి ఇంట్లోవాళ్లు జాతీయ పొగాకు క్విట్‌లైన్ 1800 112 356కు ఫోను చేయండి. ఆ కాల్‌కు డబ్బు కట్టక్కర్లేదు.